నాగాయలంక నుంచి ఈలచెట్లదిబ్బకు తెరచాప పడవలో: ఏ తిథి, ఏ లంగరు, ఊళ్ళో ఎలా మెలగాలి

పటమట_తెరచాప
అందరికీ నమస్కారం. పదహారు అడుగుల ఫైబర్ తెరచాప పడవ, ముగ్గురు మనుషులు. సెంటర్‌బోర్డు (అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలక) పూర్తిగా దించితే నాలుగడుగుల నీళ్ళు కావాలి, ఎత్తేస్తే అడుగు లోతు చాలు. వెనక రెండున్నర హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను. ప్రకాశం బ్యారేజీ పైన, భవానీ ద్వీపం చుట్టూ నడిచే పడవ ఇది. ఆటుపోట్లు ఉండే నీళ్ళు దానికీ మాకూ కొత్త.

ట్రైలరు మీద నాగాయలంక తీసుకెళ్ళి అక్కడ దించి, కృష్ణ పాయల్లోంచి దిగువకు ఈలచెట్లదిబ్బ దీవి దాకా వెళ్ళి, రెండు రాత్రులు పడవలోనే పడుకుని రావాలని ఆలోచన. అక్కడ ఉండేది చేపలు, పీతలు పట్టుకుని బతికే కుటుంబాలు, వాళ్ళకు మా వల్ల ఇబ్బంది రాకూడదు. ఏ నెల, ఏ తిథి, ఎవరి అనుమతి, లంగరు ఎలా వేయాలి, ఊళ్ళో ఎలా మెలగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేపల్లె_సరంగు
ముందు నెల సంగతి. జనవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు వద్దు. 1977 నవంబరు 19న దివిసీమకు వచ్చిన ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంటే డిసెంబరు వచ్చేసింది కదా అని ధైర్యం తెచ్చుకునే పని లేదు. మార్చి మధ్య నుంచి మధ్యాహ్నం దక్షిణపు గాలి గట్టిపడుతుంది, దిగువకు వెళ్ళే పడవకు అది ఎదురు గాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవలకు వేట నిషేధం, కాబట్టి ఆ రోజుల్లో పాయలన్నీ కట్టేసిన పడవలతో ఇరుకుగా ఉంటాయి. జూలై నుంచి కృష్ణ వరద సంగతి చూసుకోవాలి.

ఇక తిథి. శుద్ధ నవమి లేదా దశమి నాడు బయలుదేరి ద్వాదశి, త్రయోదశికి తిరిగి రండి. పౌర్ణమి దాటాక వెళ్ళకండి. ఇది ఒక్కటి పాటిస్తే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి.

పటమట_తెరచాప
పౌర్ణమికి పోటు పెద్దది కదా సరంగు గారూ, అప్పుడైతే నీళ్ళు ఎక్కువ ఉండి పడవకు ఇంకా మంచిది కాదా? నవమి ఎందుకు?

రేపల్లె_సరంగు
మన తీరంలో ఆటుపోట్ల తేడా మరీ పెద్దది కాదు. అమావాస్య పౌర్ణములకు మీటరు పైన, అష్టమి చుట్టూ అర మీటరు అటూ ఇటూ. మీ పడవకు ఆ అర మీటరే ప్రాణం.

అష్టమి నుంచి పౌర్ణమి దాటి ఒకటి రెండు రోజుల వరకు పోటు రోజురోజుకూ పెరుగుతుంది. ఆ తర్వాత రోజురోజుకూ తగ్గుతుంది. నవమి నాడు పోటు నిండుగా ఉన్నప్పుడు మేట మీద దిగబడ్డారనుకోండి, మర్నాటి పోటు ఇంకో నాలుగు వేళ్ళు ఎక్కువ వస్తుంది, పడవ లేస్తుంది. అదే పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు నిండు పోటులో దిగబడితే మర్నాటి పోటు అంత ఎత్తు రాదు, ఆ మర్నాడు ఇంకా తక్కువ. మళ్ళీ అమావాస్య దాకా పడవ బురదలోనే ఉండే ప్రమాదం ఉంది. పెద్ద పోటు చూసి వెళ్ళేవాళ్ళు ఇరుక్కునేది ఇలాగే.

వేళలు ఇలా ఉంటాయి. పౌర్ణమి నాడు మొగల (పాయలు సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర పోటు సుమారు ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య నిండుతుంది. రోజుకు యాభై నిమిషాల లెక్కన వెనక్కి జరుపుకుంటూ వెళ్తే దశమి నాటికి తెల్లవారుజామున నాలుగున్నర ఐదు గంటలకు నిండు పోటు, పగలు పదిన్నర పదకొండుకు పూర్తి ఆటు, మళ్ళీ సాయంత్రం ఐదుకు పోటు. ఇది సముద్రం అంచున వేళ. లోపలికి వచ్చేకొద్దీ ఆలస్యం అవుతుంది, ఒక్కో పాయలో ఒక్కో రకం. ముందురోజే నాగాయలంక చేరి ఘాట్ పక్కన ఒక కర్ర పాతి, గంటకోసారి గుర్తు పెట్టండి. కాగితం మీది వేళకూ మీ కర్ర చెప్పే వేళకూ ఎంత తేడా ఉందో అదే మీ సవరణ.

నీళ్ళు పెరిగే తీరు కూడా గుర్తుంచుకోండి. మొత్తం తేడా 1.2 మీటర్లు అనుకుంటే మొదటి గంటలో 10 సెంటీమీటర్లు, రెండో గంటలో 20, మూడు నాలుగు గంటల్లో ముప్ఫయ్యేసి, ఐదో గంటలో 20, ఆరో గంటలో 10. నడిమి రెండు గంటల్లోనే సగం నీళ్ళు వస్తాయి, పోతాయి. లాగుడు ఎక్కువ ఉండేదీ అప్పుడే.

మోపిదేవి_గడ
సరంగు గారు చెప్పిన తిథి సరే. బయలుదేరే వేళ దగ్గర నా మాట వేరు. జనవరి ఫిబ్రవరిల్లో తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి మెల్లగా వస్తుంది. దశమి నాడు ఐదు నుంచి పదిన్నర దాకా ఆటు, నీళ్ళు దిగువకే పోతుంటాయి. వెనక గాలి, కింద లాగుడు, ఇంజను ముట్టుకోకుండా దిగువకు చేరొచ్చు. పదకొండు దాటాక బయలుదేరితే సముద్రపు గాలి తూర్పు ఆగ్నేయం నుంచి ముఖానికి కొడుతుంది, పోటు కూడా ఎదురే. ఇరుకు పాయలో అటూ ఇటూ మలుపులు తిప్పుకుంటూ ఎంత దూరం పోతారు?

రేపల్లె_సరంగు
గడ గారూ, మీరు చెప్పింది దారి తెలిసినవాడికి సరిపోతుంది. నీళ్ళు తీస్తున్నప్పుడు దిగబడితే నిమిషాలే మిగులుతాయి. ఎత్తాల్సింది ఎత్తి, తొయ్యాల్సింది తోసే లోపే పడవ కింద నీళ్ళు అయిపోతాయి. మళ్ళీ మధ్యాహ్నం దాకా ఎండలో బురద మీద కూర్చోవాలి. పోటు ఎక్కుతున్నప్పుడు దిగబడితే పావుగంట ఓపిక పడితే చాలు.

దారి తెలియనివాళ్ళు ఆటు పూర్తయ్యాక, నీళ్ళు మళ్ళడం మొదలవగానే బయలుదేరాలి. ఇంకో లాభం ఏమిటంటే అప్పుడు మేటలన్నీ బయటపడి కంటికి కనిపిస్తాయి, పాయ నడిమి దారి ఎక్కడుందో తెలుస్తుంది. ఎదురు పోటు లాగుడు గంటకు రెండు కిలోమీటర్లు ఉంటే, ఐదు వేగంతో ఇంజను నడిపినా మీరు నిజంగా కదిలేది మూడే. ఆ లెక్కన ఎండ ఉండగా చేరేలా చూసుకోండి. మ్యాపు మీద గీసిన గీతకు మూడో వంతు కలిపితే గానీ పాయ మలుపులు లెక్కకు రావు.

పాత ఉపగ్రహ చిత్రాలు చూసి దారి గీసుకోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అంత నీరు పోయాక మేటలు ఉన్నచోట ఉండవు. ఆ తర్వాత తీసిన చిత్రాలే చూడండి, అవీ ఆటు వేళవైతే మేలు.

మోపిదేవి_గడ
అయితే మధ్యేమార్గం చెప్తాను. మొదటిసారి కాబట్టి నాగాయలంకలోనో ఏటిమొగలోనో ఒక మనిషిని మాట్లాడుకుని పడవలో ఎక్కించుకోండి. ఆయన వేట మానుకుని వస్తాడు, కాబట్టి ఆ రోజు ఆయన సంపాదనకు తక్కువ కాకుండా ముందే మాట అనుకోండి, తిరుగు ప్రయాణం ఖర్చు కూడా మీదే. ఆయన ఉంటే ఆటు మీద పొద్దున్నే దిగండి, లేకపోతే సరంగు గారి మాటే వినండి. పడవలో నలుగురైతే సామాను తగ్గించుకోవాలి, అది చూసుకోండి.

గడ మర్చిపోవద్దు. పన్నెండు అడుగుల వెదురు, రంగుతో అడుగుకో గీత. లోతు చెప్పేదీ, తోసేదీ అదే. బురద అడుగున గడను నిటారుగా గుచ్చి బలంగా తోస్తే దిగిపోయి చేతిలోంచి జారుతుంది. అందుకే కింది కొసకు జానెడు అడ్డపలక బిగిస్తారు. గడకు సన్న తాడు కట్టి పడవకు వేసుకోండి.

లబ్బీపేట_లైఫ్‌జాకెట్
అనుమతుల గురించి. ఆ మడ అడవులు చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోకి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ నివాసం ఉండేవాళ్ళు కాక బయటివాళ్ళు లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. అవనిగడ్డలో రేంజి ఆఫీసు ఉంది. పడవ కొలతలు, మనుషుల ఆధార్ నకళ్ళు, వెళ్ళే దారి గీసిన మ్యాపు, తేదీలు, రాత్రి ఎక్కడ లంగరు వేస్తారో రాసి అర్జీ ఇవ్వండి. రాత్రి ఉండటానికి విడిగా అడగాలి. పగటి అనుమతి కాగితం పట్టుకుని రాత్రి ఉండిపోతే చిక్కు. దారి చూపే మనిషి ఉంటే ఆయన పేరూ అందులో ఉండాలి.

రెండోది మెరైన్ పోలీసులు. హంసలదీవి వైపు పాలకాయతిప్పలో స్టేషను ఉంది. కొత్త పడవ, కొత్త తెరచాప కనిపిస్తే తీరంలో ఎవరైనా ఫోను చేస్తారు, చెయ్యాలి కూడా. ముందే చెప్పి వెళ్తే ఆ ఫోను వచ్చినప్పుడు వాళ్ళకు సంగతి తెలిసి ఉంటుంది. డ్రోను తీసుకెళ్ళకండి. అభయారణ్యం, సముద్ర తీర భద్రత రెండూ అడ్డు.

ఒడ్డున ఒక మనిషికి కాగితం ఇచ్చి వెళ్ళండి: పడవ రంగు, తెరచాప రంగు, ఎవరెవరు, ఏ పాయ, ఎప్పటికి ఫోను వస్తుంది, రాకపోతే ఎన్ని గంటలు ఆగి ఎవరికి చెప్పాలి. దీవుల్లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి ఒకసారి ఫోను రాలేదని గాభరా పడకుండా, రెండు సార్లు రాకపోతే 1093కు చెయ్యమని రాయండి. అది తీర భద్రత నంబరు. కోస్ట్ గార్డుది 1554. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు లైసెన్సు ఉన్నవాళ్ళు 16వ చానెల్ మీద ఉంచుకోవచ్చు. ఫోను నీళ్ళు పోని సంచిలో, మెడకు.

మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం మానెయ్యండి. ఒకటో నంబరు అంటే గాలివాన ఇంకా దూరంగా సముద్రంలో ఉందనే అర్థం. కానీ మీరు వెనక్కి రావడానికి పట్టే కాలంలో అది మూడో నంబరు కావచ్చు. గాలి, అలల అంచనా హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది, బయలుదేరే ముందు మూడు రోజులూ చూడండి.

తెనాలి_మోకు
లంగరు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. నాలుగు కొంకుల లంగరు రాళ్ళలో పట్టుకుంటుంది, ఈ ఒండ్రులో పట్టదు. కొంకులు సన్నగా ఉండి వెన్నలోంచి కత్తి లాగినట్టు జారిపోతాయి. మీకు కావలసింది వెడల్పాటి రెండు రెక్కలు మడత తిరిగే డాన్‌ఫర్త్ రకం, ఐదు కిలోలది. దానికి 6 మిల్లీమీటర్ల గొలుసు ఐదు మీటర్లు, ఆపైన 10 మిల్లీమీటర్ల నైలాన్ తాడు నలభై మీటర్లు. నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ తాళ్ళు నీటి మీద తేలతాయి, పక్కన వెళ్ళే పడవ ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. నైలాన్ మునుగుతుంది, కొంచెం సాగుతుంది కూడా, అందువల్ల కుదుపు లంగరుకు తగలదు.

ఎంత తాడు వదలాలి? ఆటు వేళ లోతు రెండు మీటర్లు, పోటుకు పెరిగేది ఒక మీటరు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు అర మీటరు. మొత్తం మూడున్నర. దాన్ని ఏడుతో గుణిస్తే ఇరవై నాలుగున్నర, అంటే పాతిక మీటర్లు. వేసేటప్పుడు ఉన్న లోతుకు కాదు, నిండు పోటు లోతుకు లెక్క వేయాలి. సాయంత్రం ఆటులో ఎనిమిది మీటర్లు వదిలి పడుకున్నవాళ్ళ లంగరు రాత్రి పోటుకు పైకి లేస్తుంది.

పాయ ఇరుకైతే పాతిక మీటర్ల తాడుతో పడవ తిరిగి ఒడ్డు మేట ఎక్కుతుంది. దానికి రెండు లంగర్లు. ఒకటి ఎగువన వేసి తాడు వదులుకుంటూ దిగువకు జారండి, అక్కడ రెండోది వేసి సగం దూరం వెనక్కి లాక్కోండి. రెండు తాళ్ళూ పడవ ముక్కుకే కట్టాలి, ఒకటి ముక్కుకు ఒకటి వెనక్కి కడితే అడ్డం వచ్చిన లాగుడుకు పడవ ఒరుగుతుంది. ఆటు పోటు మారినప్పుడల్లా పడవ తిరుగుతుంది కాబట్టి తాళ్ళు మెలి పడ్డాయేమో పొద్దున్నే చూసి విప్పుకోండి.

లంగరు పట్టిందో లేదో తెలియాలంటే వేసిన వెంటనే ఇంజను వెనక్కి పెట్టి లాగొద్దు. మెత్తటి ఒండ్రులో రెక్కలు దిగడానికి పది నిమిషాలు వదిలెయ్యండి, తర్వాత మెల్లగా లాగి చూడండి. ఒడ్డున రెండు చెట్లు ఒకే వరసలో పెట్టుకుని చూస్తే జారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

మడ చెట్లకు కట్టెయ్యడం మాత్రం వద్దు. ఆటుకు పడవ వేళ్ళ మీద కూర్చుని ఒరుగుతుంది, పోటుకు కొమ్మల కింద ఇరుక్కుని తెరచాప కొయ్య విరుగుతుంది. పైగా తిల్ల చెట్టు కొమ్మ విరిగితే వచ్చే పాలు కంట్లో పడ్డాయంటే చూపుకే ముప్పు. పడితే మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి, వెంటనే ఆస్పత్రికి.

బ్రాడీపేట_26
ఇరవై ఆరు అడుగుల కీల్ పడవతో సముద్రం మీదుగా మొగలోంచి లోపలికి రావచ్చా? కీల్ (అడుగున కదలకుండా బిగించిన బరువు పలక) లోతు నాలుగున్నర అడుగులు.

రేపల్లె_సరంగు
వద్దండి. మొగల దగ్గర ఇసుక మేట ఏ వరదకు ఎటు జరుగుతుందో ఎవరూ పటం గీసి ఇవ్వలేరు. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి, ఆటు నీళ్ళు బయటికి, రెండూ ఎదురెదురై మేట మీద అలలు నిటారుగా లేస్తాయి. ఎత్తడానికి వీలులేని కీల్ అక్కడ నేల తగిలితే పడవ అడ్డం తిరిగి అలకు పక్క చూపిస్తుంది. నిజాంపట్నం రేవులో అడిగి కట్టేసి, అక్కడి నుంచి నాటు పడవ మాట్లాడుకోండి.

పటమట గారు కూడా మొగ దాటి సముద్రంలోకి పోవద్దు, ఎంత ప్రశాంతంగా కనిపించినా. వెళ్ళేటప్పుడు దారి బాగానే ఉంటుంది, ఆటులో తిరిగి వచ్చేటప్పుడే అది అలల గోడ అవుతుంది.

మోపిదేవి_గడ
దిగబడినప్పుడు చెయ్యాల్సింది వరసగా రాస్తున్నా, ముగ్గురూ ముందే చదువుకోండి. మొదట తెరచాప దించెయ్యాలి, లేకపోతే గాలి ఇంకా మేట మీదికి తోస్తుంది. వెంటనే సెంటర్‌బోర్డు, చుక్కాని ఎత్తండి. ఇంజను పైకి తిప్పండి. ఇద్దరు ఒకే పక్కకు జరిగితే పడవ ఒరిగి అడుగు కొంత లేస్తుంది, అప్పుడు గడతో వచ్చిన దారినే వెనక్కి తొయ్యండి. కదలకపోతే చిన్న లంగరు లోతు వైపు విసిరి తాడు లాగండి.

ఇంజను వెనక్కి పెట్టి బురదలో తిప్పొద్దు. చల్లబరిచే నీళ్ళు లాక్కునే జల్లెడ ఒండ్రుతో మూసుకుపోతుంది. ఇంజను పక్క నుంచి వచ్చే సన్నధార ఆగితే ఆ క్షణమే ఆపెయ్యాలి. సన్న తీగతో జల్లెడ శుభ్రం చేశాక ధార వస్తేనే మళ్ళీ నడపండి. ఇంపెల్లరు (చల్లబరిచే నీళ్ళను లాగే చక్రం) ఒకటి అదనంగా, ప్రొపెల్లరు షియర్ పిన్నులు నాలుగు, స్పార్క్ ప్లగ్గు ఒకటి, దాన్ని విప్పే పానా ఉంచుకోండి. పెట్రోలు ఐదేసి లీటర్ల డబ్బాలు రెండు. రెండున్నర హార్స్‌పవర్ ఇంజను గట్టిగా నడిపితే గంటకు లీటరు అటూ ఇటూ తాగుతుంది.

పడవ దిగి తోద్దామని మాత్రం అనుకోవద్దు. ఇసుక మేట అయితే కాలు నిలుస్తుంది. ఒండ్రు అయితే తొడల దాకా దిగుతుంది, కదిలేకొద్దీ పట్టేస్తుంది. గడతో గుచ్చి చూడకుండా కాలు పెట్టకండి. ఎవరైనా దిగబడితే పలకో, తెడ్డో అడ్డంగా వేసి దాని మీద ఒరిగి, కాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కోవాలి. పైనుంచి చేతులు పట్టి లాగితే భుజం పోతుంది, కాలు రాదు.

నాగాయలంక_బెండు
వలల గురించి ఎవరూ రాయలేదు. మీ పడవ వల్ల ఊరికి జరిగే నష్టం ఏదన్నా ఉంటే అది వల దగ్గరే.

పాయల్లో రెండు రకాలు చూస్తారు. గుంజలు పాతి అడ్డంగా కట్టిన వలలు ఒకటి, బెండ్లతో తేలే వలలు ఇంకోటి. గుంజల వలకు పడవలు వెళ్ళే సందు ఒకటి వదులుతారు, సాధారణంగా లోతు ఉన్న పక్కన. దూరం నుంచే వేగం తగ్గించి సందు కనిపించేదాకా ఆగండి. తేలే వలకు చివర జెండానో, పెద్ద డబ్బానో ఉంటుంది. ఒక జెండా కనిపిస్తే రెండోది ఎక్కడుందో చూడకుండా ముందుకు పోవద్దు, రెండింటి మధ్యంతా వలే. జెండా బయటి నుంచి చుట్టి వెళ్ళాలి. దగ్గరలో పడవ ఉంటే "అన్నా, ఎటు పోవాలి" అని కేకేస్తే చెయ్యి చూపిస్తారు.

తప్పక వల మీదుగా పోవాల్సి వస్తే ఇంజను ఆపి పైకి తిప్పి, బోర్డు, చుక్కాని పూర్తిగా ఎత్తి, రెండు బెండ్ల మధ్య తాడు కిందికి వంగినచోట గాలికి జారుకుంటూ దాటండి. మీ పడవ అడుగు నున్నగా ఉంటే వలకు ఏమీ కాదు.

చిక్కుకుంటే కత్తి తియ్యకండి. ప్రొపెల్లరును చేత్తో వెనక్కి తిప్పుతూ విప్పితే చాలావరకు వస్తుంది. కోయక తప్పకపోతే పై తాడు వదిలి, వల కండ్లు మాత్రమే కోయండి. పై తాడు తెగితే వల మొత్తం మునిగి పోతుంది. తర్వాత ఆ వల ఎవరిదో కనుక్కుని వెళ్ళి చెప్పి, బాగు చేయించే ఖర్చుతో పాటు ఆ రోజు వేట పోయిన డబ్బు కూడా ఇవ్వాలి. చెప్పకుండా పోతే తర్వాత వచ్చే పడవకు ఆ ఊళ్ళో మాట దక్కదు.

ఏటిమొగ, ఎదురుమొండి మధ్య పంట (రేవు దాటించే పెద్ద పడవ) తిరుగుతుంది. జనం, మోటారు సైకిళ్ళు ఎక్కించుకుని వస్తుంది కాబట్టి అది పక్కకు తప్పుకోదు, మీరే తప్పుకోవాలి. దాని ముందు నుంచి కాకుండా వెనక నుంచి దాటండి.

ఇక ఊరు. తెల్లవారుజామున రేవు దగ్గరికి పోవద్దు. వేటకు వెళ్ళిన పడవలు వచ్చేదీ, సరుకు తూకం వేసేదీ, కొనేవాళ్ళ పడవలు వచ్చేదీ అప్పుడే. ఎనిమిది దాటాక, రేవుకు కొంచెం ఎడంగా పడవ ఆపి, ఒక్కరు దిగి వెళ్ళండి. "పెద్దవాళ్ళు ఎవరున్నారు బాబాయ్, మాట్లాడాలి" అని అడిగితే తీసుకెళ్తారు. ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో, ఎన్ని రాత్రులో, ఎక్కడ లంగరు వెయ్యొచ్చో వాళ్ళనే అడగండి. అటవీశాఖ కాగితం చూపించండి. వాళ్ళు చూపించిన చోట లంగరు వేస్తే రాత్రి ఎవరి వలకూ అడ్డం ఉండదు.

ఇసుక మీద పరిచి ఉన్నది వల. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు. చుట్టూ తిరిగి వెళ్ళండి. ఎవరి పడవైనా ఎక్కమంటే చెప్పులు ఒడ్డునే వదలాలి, పడవను గంగమ్మగా చూసుకుంటారు. మధ్యాహ్నం ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది, రాత్రంతా వేటాడినవాళ్ళు పడుకునే వేళ అది. ఇళ్ళ మధ్యకు వెళ్ళి పిలవొద్దు. సాయంత్రం నాలుగు తర్వాత వల బాగుచేసుకుంటూ కూర్చుంటారు, మాట్లాడాలంటే అది మంచి వేళ. ఫొటో అడిగి తియ్యండి, ఆడవాళ్ళు స్నానం చేసే వైపు అసలు ఫోను ఎత్తకండి. మందు సీసా పడవలో కూడా వద్దు.

పిల్లలకు చాక్లెట్లు పంచకండి. కాగితాలు అక్కడే పడతాయి, రేపు వచ్చే ప్రతి పడవ దగ్గరికీ పిల్లలు ఈదుకుంటూ వస్తారు, ఆ పడవ ఇంజను ఆగి ఉంటుందో లేదో. వాళ్ళు మీ పడవ ఎక్కడం ఖాయం, కాబట్టి తెరచాప దించి, బూమ్ (చాప అడుగు అంచుకుండే అడ్డకొయ్య) కట్టేసి, ఇంజను తాళంచెవి తీసేసి ఉంచండి. ఏదైనా ఇవ్వాలనిపిస్తే పెద్దవాళ్ళను అడిగి, తర్వాత వాళ్ళు చెప్పింది పంపండి.

కృష్ణలంక_పొయ్యి
నీళ్ళు, తిండి. దీవిలో మంచినీళ్ళ కోసం ఎవరి కడవ మీదా ఆధారపడొద్దు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు తాగడానికి, వంటకు. ముగ్గురికి మూడు రోజులంటే 36. దానికి మూడో వంతు పైన పెట్టుకుని యాభై లీటర్లు: ఇరవై లీటర్ల డబ్బాలు రెండు, పది లీటర్లది ఒకటి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే పగిలినా, ఉప్పునీళ్ళు కలిసినా మొత్తం పోతుంది. డబ్బాలు పడవ నడుమ, అడుగున, సెంటర్‌బోర్డు పెట్టెకు రెండు పక్కలా కట్టండి, బరువు సరిగ్గా కూర్చుంటుంది. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి, చివర ఒక గ్లాసు మంచినీళ్ళతో కడిగితే చాలు.

మండ పీతలు కొనాలనుకుంటే కొనేవాళ్ళ పడవకు ఏ ధరకు వేస్తున్నారో ఆ ధర ఇవ్వండి, బేరం ఆడొద్దు. ఆ పీత పట్టడానికి బురదలో ఎంత తిరగాలో పైన చదివారు కదా. గుడ్లు బయటికి కనిపించే పీత, మరీ చిన్న పీత వద్దనండి. కాళ్ళు కట్టినవి తడి గోనెసంచిలో వేసి నీడలో ఉంచి, పూటకోసారి సంచి తడపండి, విజయవాడ దాకా బతికి వస్తాయి. బకెట్టులో నీళ్ళు పోసి అందులో వెయ్యకండి. నిలవ నీళ్ళలో గాలి అయిపోయి చస్తాయి, చచ్చిన పీత వండకూడదు.

చెత్త మొత్తం వెనక్కి రావాలి. మలవిసర్జనకు మూత గట్టిగా పట్టే బకెట్టు, అందులో రంపపు పొట్టు. మడ చెట్ల మధ్యకు పోవడం ప్రమాదం, పాయలో వదలడం ఊరికి అపచారం.

అరండల్‌పేట_మందులు
సందె వేళ దోమలు, ఇసుక ఈగలు విపరీతం. మామూలు దోమతెర కండ్లలోంచి ఇసుక ఈగ దూరుతుంది, సన్న కండ్లది కొనండి. బూమ్ మీదుగా టార్పాలిన్ వేసి దాని కింద తెర కట్టండి, ఐదున్నరకే. ఓఆర్ఎస్ పది పొట్లాలు, అయొడిన్ మందు, పట్టీలు, ముల్లు తీసే చిమటా. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి కాలం వృథా చెయ్యకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే మర పడవ మాట్లాడి నాగాయలంక, అక్కడి నుంచి అవనిగడ్డ ఆస్పత్రి. అలాంటప్పుడు తెరచాప కోసం చూడొద్దు.

ఇంకోటి: జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుక తీరాల్లో గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. సముద్రం వైపు ఇసుకలో మంట వెయ్యడం, టార్చి కొట్టడం వద్దు. వెలుగు చూస్తే తల్లి వెనక్కి పోతుంది, పిల్లలు నీళ్ళ వైపు కాక వెలుగు వైపు పోతాయి.

పటమట_తెరచాప
చాలా ఉపయోగపడింది. మనిషిని మాట్లాడుకునే వెళ్తాం. రెండు మిగిలాయి: నాగాయలంకలో పడవ నీళ్ళలోకి దించడం ఎలా, తిరుగు ప్రయాణం ఎప్పుడు?

మోపిదేవి_గడ
విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా రండి. ట్రైలరుకు కరకట్ట దారి కంటే అదే నయం. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు తెనాలి, రేపల్లె మీదుగా వచ్చి పెనుమూడి పులిగడ్డ వారధి దాటితే సరి. నాగాయలంకలో శ్రీరామపాద క్షేత్రం ఘాట్ మెట్లది, వాలు కాదు. రెండు మందపాటి పలకలు మెట్ల మీద వేసి, పడవ కింద గాలి నింపిన రోలర్లు పెట్టి, వెనక ఒక తాడు స్తంభానికి చుట్టి వదులుకుంటూ దించాలి. పోటు నిండుగా ఉన్నప్పుడు దించితే మెట్లు తక్కువ. స్నానాలు చేసేవాళ్ళు లేని వేళ, ఘాట్ చూసుకునేవాళ్ళను అడిగి చెయ్యండి. కొయ్య నిలబెట్టే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి, అల్యూమినియం కొయ్య తీగకు తగిలితే ఎవరూ మిగలరు. కొయ్య నిలబెట్టాక ట్రైలరు కదపకండి.

రేపల్లె_సరంగు
తిరుగు ప్రయాణం తేలిక. ద్వాదశి నాడు పన్నెండున్నర ఒంటిగంటకు ఆటు పూర్తవుతుంది. లంగర్లు అప్పటికే ఎత్తి సిద్ధంగా ఉండండి, దిగువ లంగరు ముందు, ఎగువది తర్వాత. ఒండ్రు అంటుకుని రాకపోతే తాడు నిటారుగా బిగించి కట్టి వదిలెయ్యండి, ఎక్కే పోటే పడవను లేపి లంగరును పీకుతుంది. నీళ్ళు మళ్ళగానే బయలుదేరితే పోటు ఎగువకు మోస్తుంది, సముద్రపు గాలి వెనక నుంచి వస్తుంది. ముందు చాప ఒక్కటే చాలు, పెద్ద చాప ఎత్తకండి. వెనక గాలిలో అనుకోకుండా బూమ్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొడితే నలుగురున్న చిన్న పడవలో తల పగులుతుంది. సెంటర్‌బోర్డు మూడో వంతు దించి ఉంచండి, నేల ముందు దానికే తగిలి మీకు చెప్తుంది.

ఘాట్‌లో ఎక్కించాక ఇంజనును మంచినీళ్ళ డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడపండి. కప్పీలు, చుక్కాని మేకులు, ట్రైలరు బేరింగులు ఆ రోజే కడిగి గ్రీజు పెట్టాలి. విజయవాడ చేరాక చూద్దాంలే అని వదిలితే ఉప్పు ఆ రాత్రికే పని మొదలుపెడుతుంది.